గాల్లో ఉండగానే డ్రోన్ పవర్ పోతే? ఆ ఒక్క సెకనులో ఏం చేయాలి.. ఏం చేయకూడదు?

పొలం గట్టు మీద పదిమంది నిలబడి ఉంటారు. పిల్లలు ఫోన్లో వీడియో తీస్తుంటారు. ట్యాంకు నిండా మందు నింపుకున్న డ్రోన్ జుయ్‌మంటూ పైకి లేస్తుంది. అర ఎకరా అయిపోయింది. అంతా బాగానే ఉంది. సరిగ్గా అప్పుడే మోటార్ల శబ్దం ఒక్కసారిగా ఆగిపోతే?

నెల్లూరు జిల్లా సంగం లాంటి చోట ఈ ప్రశ్న వేసుకోవాల్సిందే. పెన్నలో బీరాపేరు, బొగ్గేరు కలిసే ఊరు ఇది. 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమైన మేకపాటి గౌతమ్ రెడ్డి సంగం బ్యారేజీ ఇక్కడే ఉంది. ఒకవైపు కాలువల కింద వరి కయ్యలు, మరోవైపు బ్యారేజీ మీద సెల్ఫీలు, వీడియోలు. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెళ్తే కొండ, కోట. పంటకు మందు కొట్టాలన్నా, పెళ్లి వీడియోకి టాప్ యాంగిల్ షాట్ కావాలన్నా ఇప్పుడు ముందు గుర్తొచ్చేది డ్రోనే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలప్పుడు విజయవాడలో ఇళ్లలో చిక్కుకుపోయిన వాళ్లకి డ్రోన్లతో తిండి, మందులు పంపడం అందరం చూశాం. అదే ఏడాది అక్టోబర్ 22న కృష్ణా ఒడ్డున పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో షో చేసి గిన్నిస్ రికార్డులు కొట్టారు. డ్రోన్ ఏం చేయగలదో బాగా తెలిసింది. కానీ అది ఆగిపోతే ఏమవుతుందో ఎంతమందికి తెలుసు? అదేంటో ఇప్పుడు చూద్దాం.

రెక్కలు లేవు.. అందుకే రాయిలా పడుతుంది

విమానం ఇంజిన్ ఆగిపోయినా కాసేపు గాల్లో జారుతూ వెళ్లగలదు. దానికి రెక్కలుంటాయి. హెలికాప్టర్ ఇంజిన్ ఆగినా కిందికి దిగేటప్పుడు వచ్చే గాలికే పై ఫ్యాన్ తిరుగుతుంది. ఆ ఊపుతో పైలట్ మెల్లగా దించే ప్రయత్నం చేయొచ్చు.

మనం చూసే నాలుగు, ఆరు ఫ్యాన్ల డ్రోన్‌కి ఈ రెండు ఛాన్సులూ లేవు. చిన్న చిన్న ఫ్యాన్లు ఎంత వేగంగా తిరగాలో లోపలున్న కంప్యూటర్ సెకనుకి వందల సార్లు సరిచేస్తుంటేనే అది గాల్లో నిలబడుతుంది. కరెంట్ పోయిందంటే మోటార్లు ఆగిపోతాయి, కంప్యూటర్ కూడా ఆఫ్ అయిపోతుంది. ఇక రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా వినేవాళ్లు లేరు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఒక మోటార్ మాత్రమే పాడైతే ఆరు ఫ్యాన్ల డ్రోన్ మిగిలిన వాటితో ఎలాగోలా దిగే అవకాశం ఉంది. నాలుగు ఫ్యాన్ల డ్రోన్‌కి ఆ అవకాశం చాలా తక్కువ. కానీ మెయిన్ పవరే పోతే నాలుగైనా, ఆరైనా, ఎనిమిదైనా ఒకటే.

ఎంత టైం ఉంటుంది? లెక్క చూడండి

ఇది స్కూల్లో చదువుకున్న ఫిజిక్స్ లెక్కే. గాలి నిరోధాన్ని పక్కన పెడితే..

3 మీటర్ల ఎత్తు నుంచి (పంటకు మందు కొట్టే ఎత్తు దాదాపు ఇదే): 0.8 సెకన్లలో నేలను తాకుతుంది. వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు.

10 మీటర్ల నుంచి: 1.4 సెకన్లు. వేగం గంటకు 50 కిలోమీటర్లు.

30 మీటర్ల నుంచి: 2.5 సెకన్లు. వేగం గంటకు దాదాపు 87 కిలోమీటర్లు.

10 లీటర్ల ట్యాంకున్న స్ప్రే డ్రోన్ నిండా మందుతో 25 కిలోలకు దగ్గర్లో ఉంటుంది. అంటే ఒక బియ్యం బస్తా మూడు మీటర్ల పైనుంచి నెత్తిన పడ్డట్టు! పైగా దీనికి తిరుగుతున్న ఫ్యాన్లు, బ్యాటరీ, పురుగుమందు అదనం.

ఇంకో విషయం. డ్రోన్ నిట్టనిలువునా పడదు. ముందుకు వెళ్తుంటే పడేటప్పుడు కూడా ముందుకే వెళ్తుంది. సెకనుకి 10 మీటర్ల వేగంతో 30 మీటర్ల ఎత్తులో వెళ్తున్న కెమెరా డ్రోన్ పవర్ పోతే, దాదాపు 25 మీటర్ల అవతల పడొచ్చు. అందుకే "డ్రోన్ నా నెత్తి మీద లేదు కదా, నాకేం కాదు" అనుకుంటే కుదరదు.

శబ్దం ఆగిందని గమనించి, తల ఎత్తి చూసి, కాలు కదిపేలోపే ఒక సెకను గడిచిపోతుంది. మందు కొట్టే ఎత్తులో ఆ సెకను కూడా లేదు. ప్రాణాలు కాపాడేది ఆ టైంలో చూపించే చురుకు కాదు. టేకాఫ్‌కి ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే.

అసలు పవర్ ఎందుకు పోతుంది?

1. బ్యాటరీలో ఒక సెల్ బలహీనపడటం: డ్రోన్ బ్యాటరీ అంటే ఒకటే బ్యాటరీ కాదు. చాలా సెల్స్ వరుసగా కలిపిన ప్యాక్. మామూలు లిథియం పాలిమర్ సెల్ ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు ఉంటుంది. అందులో ఒక్క సెల్ ముసలిదైపోయినా మొత్తం ప్యాక్ దానితో పాటే కుంగుతుంది. నేల మీద ఉన్నప్పుడు బాగానే చూపిస్తుంది. ట్యాంకు నింపి పైకి లేపి, ఎదురుగాలి తగిలి, ఎక్కువ కరెంట్ లాగినప్పుడు వోల్టేజ్ ఢమాల్‌మని పడిపోతుంది. స్క్రీన్ మీద 40 శాతం అని ఉండగానే డ్రోన్ పడిపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

2. వేడి: మన ఎండలు తెలిసినవే. ఎడగారు సీజన్‌లో గట్టు మీద జనరేటర్ పెట్టుకుని, అప్పుడే దించిన బ్యాటరీని వేడి చల్లారకుండానే ఛార్జింగ్ పెట్టేస్తుంటారు. ఒక్క రోజుకి ఏం కాదు. ఇదే అలవాటైతే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది, ఉబ్బుతుంది.

3. బ్యాటరీ సరిగ్గా లాక్ కాకపోవడం: క్లిప్ సగం పడి సగం పడకుండా ఉంటే మోటార్ల వణుకుకి గాల్లోనే ఊడిపోతుంది.

4. కనెక్టర్లు, వైర్లు: పురుగుమందు, ఎరువుల నీళ్లు, బురద చేరి కనెక్టర్ పిన్నులు తుప్పు పడతాయి, నల్లబడతాయి. లోపల టంకం వదిలేస్తుంది. స్ప్రే డ్రోన్లకి ఈ బెడద ఎక్కువ.

5. రెండు బ్యాటరీలున్నాయి కదా అన్న ధీమా: కొన్ని డ్రోన్లలో ఒక బ్యాటరీ పోయినా రెండోది మోస్తుంది. కానీ చాలా స్ప్రే డ్రోన్లలో వోల్టేజ్ పెంచడానికి రెండు బ్యాటరీలనూ సిరీస్‌లో కలుపుతారు. అందులో ఒకటి తెగితే రెండూ పోయినట్టే. పాతకాలం సీరియల్ బల్బుల దండలో ఒక బల్బు పోతే మొత్తం ఆరిపోయినట్టు. మీ డ్రోన్ ఏ రకమో డీలర్‌ని అడిగి తెలుసుకోండి.

పెద్ద కంపెనీలకీ తప్పలేదు

ఇదేదో మన దగ్గర మెయింటెనెన్స్ సరిగ్గా లేకపోవడం వల్లే జరుగుతుందనుకోవద్దు.

యాక్షన్ కెమెరాలతో ఫేమస్ అయిన గోప్రో కంపెనీ 2016 అక్టోబర్ 23న 'కర్మ' అనే డ్రోన్‌ని అమ్మకానికి పెట్టింది. కొన్ని డ్రోన్లు ఎగురుతుండగానే పవర్ పోయి పడిపోయాయి. 16 రోజులకే, నవంబర్ 8న, దాదాపు 2,500 డ్రోన్లను వెనక్కి పిలిచింది. కారణం ఏంటని చూస్తే.. బ్యాటరీని పట్టి ఉంచే లాక్! అది సరిచేసి 2017 ఫిబ్రవరిలో మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టింది. ఒక చిన్న క్లిప్ ఎంత పని చేసిందో చూడండి.

2018 అక్టోబర్‌లో బ్రిటన్ విమానయాన సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. డీజేఐ కంపెనీ మ్యాట్రిస్ 200 సిరీస్ డ్రోన్లు కొన్ని గాల్లో ఉండగానే పూర్తిగా పవర్ కోల్పోయాయని. బ్యాటరీలో ఇంకా చాలినంత ఛార్జింగ్ ఉన్నట్టు స్క్రీన్ చూపిస్తుండగానే అలా జరిగింది. అవి పోలీసులు, సహాయక బృందాలు కూడా వాడే డ్రోన్లు.

స్విట్జర్లాండ్‌ది ఇంకో కథ. అక్కడి పోస్టల్ శాఖ ఆస్పత్రుల మధ్య శాంపిల్స్ పంపడానికి పారాచూట్ ఉన్న డ్రోన్లు వాడింది. 2019 జనవరిలో ఒక డ్రోన్‌లో షార్ట్ సర్క్యూట్ అయింది. పారాచూట్ విచ్చుకుని డ్రోన్ జ్యూరిక్ సరస్సులో దిగింది. అదే ఏడాది మే నెలలో మరో డ్రోన్ పారాచూట్ విప్పింది కానీ దాని తాడు తెగిపోయింది. కిండర్‌గార్టెన్ పిల్లలు ఆడుకుంటున్న చోటుకి దాదాపు 50 గజాల దూరంలో పడింది. ఆ తర్వాత సర్వీసే ఆపేశారు.

పారాచూట్ ఉన్నా కింద ఎవరూ లేకపోవడమే అసలైన రక్షణ. ఇక మందు కొట్టే ఎత్తులో అయితే పారాచూట్ విచ్చుకునే టైం కూడా ఉండదు.

డ్రోన్ ముందే చెప్తుంది.. వినాలి

ఒక్కసారిగా పోయిందంటాం కానీ చాలాసార్లు గుర్తులు ముందే కనిపిస్తాయి.

- బ్యాటరీ కొంచెమైనా ఉబ్బి ఉండటం. బల్ల మీద పెడితే ఊగుతుందంటే దాన్ని పక్కన పెట్టేయాలి. ఉబ్బిన బ్యాటరీకి రిపేర్ ఉండదు.
- యాప్‌లో సెల్స్ వోల్టేజ్ చూడండి. అన్నీ దాదాపు సమానంగా ఉండాలి. ఒక సెల్ మిగతా వాటికంటే 0.1 వోల్ట్ తక్కువ చూపిస్తుంటే అనుమానించాల్సిందే.
- నిన్న పది నిమిషాలు వచ్చిన బ్యాటరీ ఇవాళ ఏడు నిమిషాలకే వార్నింగ్ ఇవ్వడం.
- ఒక బ్యాటరీ మాత్రమే చేయి పెట్టలేనంత వేడెక్కడం.
- ఎగురుతుండగా డ్రోన్ ఉన్నట్టుండి కొంచెం కిందికి జారి మళ్లీ లేవడం, ఒక పక్కకి ఒరగడం, మోటార్ల శబ్దం మారడం.

టేకాఫ్‌కి ముందు రెండు నిమిషాల పని ఇది: బ్యాటరీ లాక్ క్లిక్‌మందా? చేత్తో లాగి చూడండి. కనెక్టర్లు నల్లబడ్డాయా? చూడండి. ఆ తర్వాత మనుషుల్ని దూరం పంపి, డ్రోన్‌ని 2 మీటర్ల ఎత్తులో 30 సెకన్లు అలాగే నిలిపి ఉంచండి. వోల్టేజ్ గబగబా పడిపోతుంటే అక్కడే దించేయండి. ఆ ట్రిప్ కొట్టకపోతే పోయేది కాస్త టైమే.

దూరం ఎంత?

గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక సూత్రం: డ్రోన్ ఎంత ఎత్తులో ఉంటే కనీసం అంత దూరం. 30 మీటర్ల ఎత్తులో ఎగిరితే మనుషులు 30 మీటర్ల అవతల. వేగంగా వెళ్తుంటే, గాలి ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. స్ప్రే డ్రోన్‌కి ఎత్తుతో సంబంధం లేదు. మందు తుంపర కూడా గాలికి కొట్టుకొస్తుంది కాబట్టి ఆ కయ్యలో, దాని గట్ల మీద ఎవరూ ఉండకూడదు. పక్క కయ్యలో కలుపు తీసే కూలీలుంటే వాళ్లకి ముందే చెప్పాలి. వాళ్లకి డ్రోన్ వస్తున్నట్టు తెలియకపోవచ్చు, వంగి పని చేసుకుంటుంటారు.

పెళ్లి షూటింగ్ వాళ్లకీ ఇదే మాట. భోజనాల పందిరి మీద, ఊరేగింపు మీద డ్రోన్ నిలబెట్టొద్దు. పక్క నుంచి తీసినా షాట్ అందంగానే వస్తుంది.

ఆ క్షణం వస్తే?

రెండు రకాలుగా రావచ్చు.

మొదటిది: వోల్టేజ్ పడిపోతోంది కానీ మోటార్లు ఇంకా తిరుగుతున్నాయి. ఇక్కడ పైలట్ చేతిలో కొన్ని సెకన్లున్నాయి.

- 'రిటర్న్ టు హోమ్' బటన్ నొక్కొద్దు. చాలా డ్రోన్లు ఆ బటన్ నొక్కగానే ముందు సెట్ చేసిన ఎత్తుకి పైకి లేస్తాయి, తర్వాతే వెనక్కి వస్తాయి. చచ్చిపోతున్న బ్యాటరీకి పైకి లేవడమే అన్నిటికంటే భారం.
- ఎక్కడుంటే అక్కడే, కింద మనుషులు లేని చోట దించేయండి. పంట నలిగిపోతుందనో, బురదలో పడితే డ్రోన్ పాడవుతుందనో గట్టు దాకా లాక్కురావద్దు. గట్టు మీదే మనుషులుంటారు. నాలుగు వరి కుదుళ్లు పోతే పోనివ్వండి.
- స్ప్రే పంపు ఆపేయండి. అది లాగే కరెంట్ కూడా మిగులుతుంది.

రెండోది: పూర్తిగా పోయింది. అప్పుడు రిమోట్ మర్చిపోండి. "అన్నా, అక్కా, పక్కకి జరగండి!" అని గట్టిగా అరవండి. పైలట్ చేయగలిగింది అంతే. పట్టుకోవాలని మాత్రం ఎవరూ చేతులు చాపొద్దు.

పడిపోయాక అసలు జాగ్రత్త మొదలు

మనవాళ్లు చేసే పెద్ద తప్పు పరిగెత్తుకుంటూ దాని దగ్గరికి వెళ్లడం. ఆగండి.

ఫ్యాన్లు: రిమోట్‌లో థ్రాటిల్ పూర్తిగా కిందికి పెట్టి మోటార్లు ఆఫ్ చేయండి. ఊడిన వైర్ మళ్లీ తగిలి ఫ్యాన్లు తిరగడం మొదలైతే వేళ్లు తెగిపోతాయి.

బ్యాటరీ: దెబ్బ తిన్న లిథియం బ్యాటరీ అప్పుడే కాదు, కాసేపాగి కూడా అంటుకోవచ్చు. సుయ్‌మని శబ్దం, తీపి వాసన, పొగ, ఉబ్బు.. వీటిలో ఏది కనిపించినా దూరం వెళ్లిపోండి. గాలికి ఎదురుగా నిలబడొద్దు, ఆ పొగ విషం. మంట చిన్నదైతే దూరం నుంచి ఇసుక పోయొచ్చు, చుట్టూ అంటుకోకుండా నీళ్లు బాగా కొట్టొచ్చు. పెద్దదైతే 101కి ఫోన్ చేయండి. పొగ ఏమీ లేకపోతే బ్యాటరీ తీసి గడ్డివాముకి, ఇంటికి దూరంగా ఖాళీ నేల మీద కొన్ని గంటలు వదిలేయండి. వెంటనే బైక్ డిక్కీలోనో, ఆటోలోనో, ఇంట్లో మంచం కిందో పెట్టొద్దు. బయటికి బాగానే కనిపించినా మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

కరెంట్ తీగలు: డ్రోన్ తీగల మీద వేలాడుతుంటే కర్రతో లాగొద్దు. 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించండి. లైన్‌మన్ వచ్చేదాకా ఆగాలి.

నీళ్లు: కాలువలోనో, బ్యారేజీ దగ్గర పెన్నలోనో పడితే దాని కోసం దిగొద్దు. గేట్ల దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు. డ్రోన్ మళ్లీ కొనుక్కోవచ్చు.

పురుగుమందు: ట్యాంకు పగిలితే గ్లోవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగాలి. కళ్లలో పడితే నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి బయల్దేరాలి. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ త్వరగా వైద్యం చేయగలరు.

రూల్స్ ఏం చెప్తున్నాయి? డబ్బు ఎవరిస్తారు?

దేశంలో 2021 డ్రోన్ రూల్స్ అమల్లో ఉన్నాయి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్ డ్రోన్. స్ప్రే డ్రోన్లు ఎక్కువగా స్మాల్ కేటగిరీలోకి వస్తాయి. వాటిని నడపాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మైక్రో డ్రోన్‌కి సరదాగా ఎగరేసేవాళ్లకి మినహాయింపు ఉంది కానీ, డబ్బు తీసుకుని షూటింగ్‌లు చేసేవాళ్లకి లేదు.

ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పైలట్ ఆ విషయాన్ని డిజిటల్ స్కై ద్వారా డీజీసీఏకి తెలియజేయాలి. నానో తప్ప మిగతా డ్రోన్లకి థర్డ్ పార్టీ బీమా ఉండాలి. బైక్, కారుకి వర్తించే మోటారు వాహనాల చట్టం నిబంధనలనే ఇందులోనూ వాడతారు. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్లు తీసుకున్న డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు ఇది ముఖ్యంగా చూసుకోవాలి. ఈ పథకంలో ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు కేంద్రం ఇస్తుంది. మిగతాది సంఘం భరించాలి లేదా లోన్ తీసుకోవాలి. ప్యాకేజీలో ఏడాది బీమా కలిపే ఇస్తారు. మరి ఆ ఏడాది అయ్యాక? రెన్యూవల్ మర్చిపోతే, డ్రోన్ పడిపోయిన రోజున రిపేర్ ఖర్చు, దెబ్బ తగిలిన వాళ్ల ఆస్పత్రి ఖర్చు సంఘం మెడకే చుట్టుకుంటాయి. పాలసీ గడువు తేదీని సంఘం పుస్తకంలో మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

డ్రోన్ పెట్టించుకునే రైతు కూడా మూడు ప్రశ్నలు అడగాలి. పైలట్ సర్టిఫికెట్ ఉందా? బీమా ఉందా? బ్యాటరీ ఎన్ని రోజులుగా వాడుతున్నారు? ఎకరాకి ఎంత తీసుకుంటారని అడిగే ముందే ఇవి అడగండి.

క్లెయిమ్ కావాలంటే పడిన చోట డ్రోన్‌ని కదపక ముందే ఫోటోలు, వీడియోలు తీయండి. "పని చేస్తుందేమో చూద్దాం" అని మళ్లీ ఆన్ చేయొద్దు. లోపలున్న ఫ్లైట్ రికార్డు, రిమోట్‌లో ఉన్న రికార్డు అలాగే దాచండి. ఏ సెకనులో ఏ వోల్టేజ్ ఉందో అందులో ఉంటుంది. తప్పు బ్యాటరీదా, కంపెనీదా, మనదా అన్నది తేల్చేది అదే. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108, ఆ తర్వాత పోలీసులకు సమాచారం. ఫోటోల పని దాని తర్వాతే.

చివరిగా..

డ్రోన్ వల్ల రైతు భుజాన పంపు మోయడం తగ్గింది, మందు పీల్చడం తగ్గింది. దాన్ని వద్దనాల్సిన పని లేదు. కానీ పవర్ ఎప్పుడో ఒకసారి పోతుంది. పోయినప్పుడు దాని కింద ఎవరూ ఉండకపోతే అది రిపేర్ బిల్లు. ఎవరైనా ఉంటే అది ఒక ఇంటి కష్టం.

ఈసారి మీ ఊళ్లో డ్రోన్ లేస్తుంటే వీడియో తీయండి, తప్పేం లేదు. కానీ జూమ్ చేసి, దూరం నుంచి తీయండి. పిల్లల్ని మీ పక్కనే పెట్టుకోండి.